పెదనాన్న పంపిన వీడియో: అణువులతో చేసిన రోబోలు నిజంగా ఉన్నాయా?

కొబ్బరాకు:
అందరికీ నమస్కారం. చాలా రోజుల తర్వాత ఇటు వచ్చా, వచ్చీ రాగానే ప్రశ్నే. నిన్న రాత్రి పదకొండింటికి పెదనాన్న వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. రక్తనాళంలో సాలీడు లాంటి ఇనుప బొమ్మ ఈదుకుంటూ పోయి కేన్సర్ కణాన్ని కత్తెరతో కోసేస్తుంటుంది, కింద "అణువులతో తయారైన రోబోలు వచ్చేశాయి, ఇక కీమోతో పని లేదు" అని పెద్ద అక్షరాలు. వేరే రోజైతే నవ్వేసి వదిలేసేదాన్ని. కానీ పెద్దమ్మకి రొమ్ము కేన్సర్, కీమో నాలుగో విడత సోమవారం. నోట్లో పుళ్లు, అన్నం మజ్జిగలో మెత్తగా పిసికి పెడితే తప్ప దిగడం లేదు. అది చూడలేక పెదనాన్న "రెండు నెలలు ఆగితే ఇది వచ్చేస్తుందేమో కదమ్మా, నీకు తెలిసినవాళ్లని అడిగి చెప్పు" అంటున్నాడు. సోమవారం లోపు ఆయనకి ఏదో ఒకటి చెప్పాలి. అసలు ఇందులో నిజం ఎంత? (అణు రోబో అంటే అణుబాంబు లాంటిదా అని పెద్దమ్మ అడిగింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.)

లేత్ మెషీన్:
అమ్మా, అది పక్కా గ్రాఫిక్స్. నేను బాలానగర్‌లో ఇరవై ఏళ్లుగా పార్టులు కోస్తున్నా, నా చేతిలో పది మైక్రాన్ల టాలరెన్స్ పడితేనే ఆ రోజు టీ నేను తాగిస్తా. అణువంత సైజులో కత్తెర, కాళ్లు, మోటారు ఎవడు కోస్తాడు, ఏ టూల్‌తో కోస్తాడు? బ్యాటరీ ఎక్కడ పెడతాడు? ఇలాంటివాటికి భయపడీ ఆశపడీ మందులు మాత్రం ఆపకండి.

డబ్బా పిపెట్:
కొబ్బరాకు గారూ, ముందు మీకు కావాల్సిన ముక్క: సోమవారం కీమోకి తీసుకెళ్లండి. ఆసుపత్రిలో మనిషికి ఎక్కించే కేన్సర్ రోబో ఏదీ లేదు, రెండు నెలల్లో వచ్చేదీ లేదు. నేను నాలుగేళ్లు ఇదే పని చేసే ల్యాబ్‌లో ఉన్నా కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్తున్నా.

ఇక లేత్ అన్నా, వీడియో అబద్ధమే కానీ విషయం మొత్తం అబద్ధం కాదు. వీటిని ఎవరూ కోయరు, వాటంతటవే అల్లుకుంటాయి. డీఎన్‌ఏ పోగులో నాలుగు రకాల అక్షరాలుంటాయి, ఏకి టీ, జీకి సీ జత అని స్కూల్లో చదివాం కదా. న్యూయార్క్‌లో నెడ్ సీమన్ అనే ఆయన 1980ల మొదట్లోనే ఆ జత కట్టే గుణాన్ని దారంలా వాడి ఆకారాలు కట్టొచ్చన్నాడు, 1991లో డీఎన్‌ఏతో ఘనం కట్టి చూపించాడు. 2006లో అమెరికాలోని కాల్‌టెక్ యూనివర్సిటీలో పాల్ రోత్‌మండ్ దాన్ని మామూలు ల్యాబ్‌వాళ్లు కూడా చేసుకునేంత సులువు చేశాడు. బ్యాక్టీరియాకి పట్టే ఎం13 అనే వైరస్ నుంచి ఏడు వేల పైచిలుకు అక్షరాల పొడవాటి పోగు ఒకటి తీసుకుని, దాన్ని అక్కడక్కడ పట్టి మడిచే చిన్న పోగులు రెండు వందల పైన కలిపి, వేడి చేసి చల్లారిస్తే అదే మడత పడి కూర్చుంటుంది. ఆయన చేసిన నవ్వు మొహం బొమ్మ వంద నానోమీటర్ల వెడల్పు. తల వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు, మిగతా లెక్క మీరే వేసుకోండి.

ఊరికే చూసిపోతా:
అంటే రోబో కాదు, డీఎన్‌ఏ కాగితం పడవ అన్నమాట 😄

డబ్బా పిపెట్:
పడవతోనే మొదలు. పని ఎలా ఉంటుందో చెప్తా, పేరు విని అందరూ ఏదో ఊహించుకుంటారు. చిన్న పోగులు కంపెనీకి ఆర్డర్ పెడితే 96 గుంటలున్న ప్లాస్టిక్ పళ్లేల్లో వస్తాయి. ఒక్కో గుంటలోంచి చుక్క చుక్క పిపెట్‌తో తీసి ఒకే ట్యూబులో కలపడం, బొటనవేలు వాచిపోతుంది. తర్వాత పీసీఆర్ మెషీన్‌లో, అంటే వేడిని మనం చెప్పినట్టు పెంచి తగ్గించే పెట్టెలో, 90 డిగ్రీలకి పెట్టి మెల్లగా చల్లార్చడం. తర్వాత అభ్రకం ముక్క మీద సెల్లోటేపు అంటించి లాగితే కొత్త పొర తేలుతుంది, అద్దం దాని ముందు గరుకు. దాని మీద ఒక చుక్క వేసి, సూది మొనతో తడిమి చూసే మైక్రోస్కోప్ కింద పెడతాం. బొమ్మ ఒకేసారి రాదు, పైనుంచి కిందికి గీత గీతగా వస్తుంది. మొదటిసారి నాకు ఏమీ రాలేదు, ముద్దలు ముద్దలుగా ఏదో చెత్త. మూడు రోజులు పోయాక తెలిసింది, మెగ్నీషియం వేయడం మర్చిపోయా. డీఎన్‌ఏ పోగులన్నీ రుణావేశంతో ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి, మెగ్నీషియం మధ్యలో కూర్చుని సర్దిచెప్తేనే మడత నిలబడుతుంది. నాలుగోసారి త్రిభుజాలు వరసగా కనిపించాయి. రాత్రి రెండయింది, ల్యాబ్‌లో చూపించడానికి ఎవరూ లేరు, వాచ్‌మన్‌ని పిలిచి చూపించా. "అప్పడాల్లా ఉన్నాయి సార్" అన్నాడు.

గూడూరోడు:
అభ్రకం అనగానే ఆగిపోయా. మా తాత గూడూరు దగ్గర గనిలో పనిచేసేవాడు, మా నాయనమ్మ రేకులు చీల్చే పని. ఇంట్లో ఇప్పటికీ అరచేతంత పలక ఉంది, కొంచెం పచ్చగా ఉంటుంది, కత్తి మొన గుచ్చి లాగితే ఎన్ని పొరలైనా లేస్తాయి. చిన్నప్పుడు అవి కళ్ల ముందు పెట్టుకుని సూర్యుడిని చూసేవాళ్లం, దెబ్బలు తినేవాళ్లం. ఇస్త్రీపెట్టెల్లోకి, రేడియోల్లోకి పోతుందని తెలుసు గానీ ఇలాంటి పనికి కూడా వాడతారని మాత్రం ఇప్పుడే విన్నా.

డబ్బా పిపెట్:
మీ నాయనమ్మ అంత పల్చగా చీల్చడం మాకు చేతకాకే టేపు వాడతాం. పరమాణువుల స్థాయిలో అంత చదునుగా ఉండి చౌకగా దొరికే వస్తువులు చాలా తక్కువ.

లేత్ మెషీన్:
సరే, ఆకారం వచ్చింది, ఒప్పుకున్నా. కానీ ఆకారం రోబో ఎలా అవుతుంది? మా షాపులో రోబో చెయ్యి ఉంది, దానికి సెన్సార్ ఉంది, కంట్రోలర్ ఉంది, మోటార్లు ఉన్నాయి. ఈ మూడూ చూపించండి, అప్పుడు దండం పెడతా.

సెండాయ్ చలి:
నేను జపాన్‌లో చదువుతున్నా, ఇక్కడ దీనికి 'మాలిక్యులర్ రోబోటిక్స్' అనే పేరుతో పెద్ద ప్రాజెక్టే నడిచింది. లేత్ అన్న అడిగిన మూడూ ఒక సంచీలో పెట్టాలన్నదే వాళ్ల పట్టుదల. తోహోకు యూనివర్సిటీవాళ్లు 2017లో ఒక 'అమీబా' చూపించారు. కొవ్వు పొరతో చేసిన చిన్న బుడగ, లోపల కైనెసిన్ అనే ప్రోటీన్ మోటార్లు, మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నటి గొట్టాలు, ఆ మోటారు బలాన్ని పొరకి కలిపే క్లచ్ మాత్రం డీఎన్‌ఏది. వెలుతురు పడితే సంకేతం పోగులు విడుదలై క్లచ్ పనిచేస్తుంది, బుడగ ఆకారం మారుతుంది. క్లచ్ అని నేను పోలిక కోసం అనడం లేదు, వాళ్లే అలా పిలుస్తారు.

హొక్కైడోలో ఇంకో గుంపు 2018లో అవే గొట్టాలకి డీఎన్‌ఏ తగిలించి, వెలుతురు మారిస్తే లక్షల గొట్టాలు చీమల బారులా కలిసి నడిచేట్టు, మళ్లీ మారిస్తే విడిపోయేట్టు చేసింది. ఇందులో నాకు భలే అనిపించేది ముడిసరుకు. ఆ గొట్టాల ప్రోటీన్ పంది మెదడులోంచి తీస్తారు. పొద్దున కసాయివాడి దగ్గర్నుంచి బకెట్టు వస్తుంది, సాయంత్రానికి మైక్రోస్కోప్ కింద పాకుతుంటుంది. రోబో ల్యాబ్ అంటే నట్లు, బోల్టులు అనుకుని చేరినవాడు ఆ వాసనకి రెండు రోజులు అన్నం తినడు, నేను తినలేదు.

లేత్ మెషీన్:
క్లచ్ అన్నావు కాబట్టి సగం దండం. కానీ ఆ మోటారు ప్రకృతిది. మనిషి చేసిన మోటారు ఏది?

రిటైర్డ్ లెక్చరర్:
నేను చెప్తాను బాబూ. 2016 కెమిస్ట్రీ నోబెల్ దానికే. ముగ్గురు పంచుకున్నారు. ఫ్రాన్స్‌కి చెందిన సావాజ్ 1983లో రెండు ఉంగరాల అణువుల్ని గొలుసు లింకుల్లా ఒకదాంట్లో ఒకటి దూర్చాడు, రాగి అయాన్‌ని మధ్యలో పెట్టి రెంటినీ దగ్గరకి లాక్కొచ్చిన తరవాత దాన్ని తీసేశాడు. స్టాడార్ట్ 1991లో ఉంగరాన్ని ఒక కడ్డీకి ఎక్కించి, అటూ ఇటూ జరిగేలా చేశాడు. మన పెళ్లిళ్లలో పందిరి రాటకి దండ వేసినట్టు అనుకో. నెదర్లాండ్స్ ఫెరింగా 1999లో వెలుతురుతో ఒకే దిశలో తిరిగే అణు మోటారు చేశాడు. ఆ తర్వాత అలాంటి మోటార్లని ద్రవస్ఫటిక (లిక్విడ్ క్రిస్టల్) పొరలో పెట్టి వాటికంటే పది వేల రెట్లు పెద్దదైన గాజు కడ్డీని తిప్పి చూపించారు. నీ లేత్ మీద అంత బరువు పెట్టి చూడు, నేనొచ్చి టీ తాగిస్తా.

ఇక్కడ అసలు కష్టం కోయడం కాదు. ఆ సైజులో మన లోకం సూత్రాలు చెల్లవు. నీళ్ల అణువులు సెకనుకి వందల మీటర్ల వేగంతో నలువైపుల నుంచీ కొడుతూనే ఉంటాయి. తోసి వదిలేస్తే సాగిపోవడం అనేదే అక్కడ ఉండదు, తోపు ఆగిన క్షణమే ఆగిపోతుంది, పాకంలో పడ్డ చీమ సంగతే. కోటప్పకొండ తిరునాళ్లలో నాన్న చెయ్యి వదిలేసిన పిల్లాడిని ఊహించు. ఎటు నడవాలన్నది వాడి చేతిలో ఉండదు. తెలివైన పిల్లాడైతే జనం ముందుకి తోసినప్పుడు ఒక అడుగు వేస్తాడు, వెనక్కి తోసినప్పుడు స్తంభం పట్టుకుని నిలబడతాడు. కైనెసిన్ చేసేది దాదాపు అదే, ఒక్కో అడుగు 8 నానోమీటర్లు. తోపులాటనే వాడుకోవాలి, దాన్ని ఎదిరించి ఎవరూ గెలవలేదు.

1959లో ఫైన్‌మన్ అనే ఫిజిక్స్ శాస్త్రవేత్త చిన్న యంత్రాల గురించి ఉపన్యాసం ఇచ్చి, అంగుళంలో 64వ వంతు సైజు మోటారు చేసినవాడికి వెయ్యి డాలర్లు ఇస్తానన్నాడు. కొత్త విజ్ఞానం పుడుతుందని ఆశపడితే, మరుసటి ఏడాదే మెక్‌లెలన్ అనే ఇంజనీరు మామూలు చేతి పనిముట్లతోనే చేసుకొచ్చాడు. ఫైన్‌మన్‌కి డబ్బులు పోయాయి, విజ్ఞానమూ రాలేదు. నీలాంటివాళ్లే లేత్ బాబూ.

లేత్ మెషీన్:
మాస్టారూ 🙏 ఆ మెక్‌లెలన్ ఫొటో షాపులో పెట్టుకుంటా.

ఊరికే చూసిపోతా:
ఇవి పిల్లల్ని పెట్టుకుంటూ పోయి భూమంతా బూడిద ముద్ద చేసేస్తాయని ఎక్కడో చదివానే, దాని సంగతేంటి? వ్యాక్సిన్‌లో చిప్పు గురించి కూడా మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో...

డబ్బా పిపెట్:
చిప్పు దగ్గరే ఆపు బాబూ. బూడిద ముద్ద భయం 1986లో డ్రెక్స్‌లర్ అనే ఇంజనీరు రాసిన దగ్గర్నుంచి ఉంది. కెమిస్ట్రీలో నోబెల్ వచ్చిన స్మాలీ దాన్ని కొట్టిపారేశాడు. పరమాణువుల్ని ఒక్కొక్కటి పట్టి పెట్టే వేళ్లు కూడా పరమాణువులతోనే చెయ్యాలి కదా, అవి లావుగా ఉంటాయి, పైగా పట్టుకున్నది జిగురులా అంటుకుని వదలదు అన్నాడు. నా అనుభవంలో మా బొమ్మలు పిల్లల్ని పెట్టడం సంగతి దేవుడెరుగు, ఫ్రిజ్ డోర్ సరిగ్గా వేయకపోతే వారానికే పాడవుతాయి.

ఫార్ములేషన్ పద్మ:
కొబ్బరాకు, మీ పెదనాన్న గారి వీడియో ఎక్కడి నుంచి పుట్టిందో నాకు అర్థమైంది. నేను హైదరాబాద్‌లో ఫార్మాలో చేస్తా, మా టీమ్‌లో ఆ పేపర్ మీద ఒక మధ్యాహ్నం అంతా గొడవపడ్డాం. 2012లో హార్వర్డ్‌లో డీఎన్‌ఏతో మూతలున్న పీపా ఒకటి చేశారు. దానికి రెండు తాళాలు. కణం మీద సరైన గుర్తులు రెండూ తగిలితేనే తెరుచుకుని లోపలి మందు చూపిస్తుంది, ఒక్కటే తగిలితే తెరవదు. 2018లో బీజింగ్, అరిజోనా వాళ్లు కలిసి, 90 నానోమీటర్ల పొడవున్న డీఎన్‌ఏ రేకుని గొట్టంలా చుట్టి, లోపల త్రాంబిన్ దాచారు. అంటే రక్తం గడ్డకట్టించేది. కణితికి రక్తం తెచ్చే నాళాల లోపలి గోడ మీద న్యూక్లియోలిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, అది తగలగానే గొట్టం విప్పుకుంటుంది, అక్కడే రక్తం గడ్డకట్టి కణితికి తిండి ఆగిపోతుంది. ఎలుకల్లో కణితులు తగ్గాయి. పందుల్లో భద్రత చూశారు. అంతవరకే.

ఎలుక నుంచి మనిషికి మధ్య దూరం ఎంతో రోజూ చూసేదాన్ని కాబట్టి చెప్తున్నా. రక్తంలో డీఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైములు కాచుకుని ఉంటాయి. పిపెట్ గారు చెప్పిన మెగ్నీషియం రక్తంలో ఆ స్థాయిలో ఉండదు. ఇమ్యూనిటీ దాన్ని వైరస్ అనుకుని మీద పడొచ్చు, కాలేయం పట్టేసుకోవచ్చు. రక్తం గడ్డకట్టించే మందు పొరపాటున వేరేచోట తెరుచుకుంటే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. ఒక ఎలుకకి సరిపడా చెయ్యడం వేరు, మనిషికి సరిపడా బ్యాచ్ తర్వాత బ్యాచ్ ఒకేలా చెయ్యడం వేరు.

లేత్ మెషీన్:
పద్మ గారూ, ఒక మాట. రెండు తాళాలు తగిలితే తెరుచుకోవడం బాగానే ఉంది, కానీ మా ఇంటి మీద ట్యాంకు నిండితే మోటారు ఆపే ఫ్లోట్ స్విచ్ కూడా అదే పని చేస్తుంది. దాన్ని రోబో అని ఎవరూ అనరే?

డబ్బా పిపెట్:
ఇది న్యాయమైన ప్రశ్న, మా ల్యాబ్‌లోనే రెండు పార్టీలు ఉండేవి. రోబో అని పేరు పెట్టుకున్న వాటిలో చాలా వరకు స్విచ్‌లే, నేనూ అదే పార్టీ. గ్రాంటు రావాలంటే స్విచ్ అని రాస్తే కుదరదు మరి. కానీ 2017లో కాల్‌టెక్‌లో లులు చియాన్ ల్యాబ్ చేసినదాన్ని స్విచ్ అనలేను. దానికి రెండు పాదాలున్న కాలు, సరుకు పట్టే చెయ్యి, అంతా కలిపి ఒకే డీఎన్‌ఏ పోగు. 58 నానోమీటర్ల చదరపు పలక మీద రెండు రకాల సరుకు చెల్లాచెదురుగా పడి ఉంటుంది, పసుపు రంగువి మూడు, గులాబీవి మూడు. అది తిరుగుతూ, తగిలినదాన్ని ఎత్తుకుని, ఏ రంగుది ఆ రంగు చోట దించుతుంది. ఒక్కో అడుగు 6 నానోమీటర్లు, ఒక్కో అడుగుకి 5 నిమిషాలు. ఆరు సరుకులు సర్దడానికి దాదాపు ఒక రోజు.

లేత్ మెషీన్:
అడుగుకి ఐదు నిమిషాలా! మా హెల్పర్ నయం.

డబ్బా పిపెట్:
మీ హెల్పర్‌కి కళ్లున్నాయి. దీనికి సరుకు ఎక్కడుందో తెలియదు, ప్లాన్ లేదు, ఇంధనం కూడా పోయలేదు, మాస్టారు చెప్పిన తోపులాటలో ఎటు పడితే అటు నడుస్తూ దొరికినప్పుడు ఎత్తుకుంటుంది. అయినా చివరికి పని పూర్తవుతుంది, నాకు నచ్చింది అదే. వేగం కావాలంటే మ్యూనిక్‌వాళ్లు 2018లో డీఎన్‌ఏ చెయ్యిని కరెంటు క్షేత్రంతో తిప్పారు, అంతకు ముందు వాటికంటే లక్ష రెట్లు వేగం. కాకపోతే అక్కడ ఆలోచన అంతా బయట కంప్యూటర్‌ది.

సెండాయ్ చలి:
వేగం అంటే నానోకార్ రేసు గుర్తొచ్చింది. 2017లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఒక్కో అణువుతో చేసిన కార్లకి నిజంగానే పోటీ పెట్టారు. దూరం సుమారు 100 నానోమీటర్లు, ఉష్ణోగ్రత మైనస్ 268 డిగ్రీలు. అమెరికా, ఆస్ట్రియా కలిసి దింపిన కారు వెండి ట్రాక్ మీద గంటన్నరలో గమ్యం చేరింది. మిగతావాటిలో కొన్ని కదలకుండా మొరాయించాయి. స్టార్ట్ కాని కారు అన్ని సైజుల్లోనూ ఉంటుంది.

గూడూరోడు:
మన దేశంలో ఎవరూ చెయ్యట్లేదా?

ఫార్ములేషన్ పద్మ:
చేశారు, అదీ ముందే. యమునా కృష్ణన్ అనే శాస్త్రవేత్త బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే పరిశోధన సంస్థలో ఉన్నప్పుడు 2009లో జీవకణం లోపలే ఆమ్లత కొలిచే డీఎన్‌ఏ యంత్రం చేశారు. ఆమ్లం పెరిగితే ముడుచుకుంటుంది, తగ్గితే విప్పుకుంటుంది, దాన్నిబట్టి వెలుగు రంగు మారుతుంది. తర్వాత ఆవిడ షికాగో వెళ్లారు. నన్నడిగితే ఈ రంగంలో ముందుగా ఆసుపత్రికి పనికొచ్చేది ఇలాంటిదే, లోపల ఏం జరుగుతోందో చూసి చెప్పేది. కోసేసే కత్తెరలు కాదు. లేత్ గారు దీన్నీ స్విచ్ అంటారనుకోండి.

లేత్ మెషీన్:
అంటా 😀 మంచి స్విచ్ అంటా.

కొబ్బరాకు:
అందరికీ చాలా థాంక్స్. పెదనాన్నకి ఫోన్‌లో చెప్తుంటే "ఎలుకలకి తగ్గిందన్నమాట" అని అక్కడే పట్టుకున్నాడు. "మరి దాన్ని మనుషులకి ఇమ్మనొచ్చు కదా, మేం సంతకం పెడతాం" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది, ఏమీ చెప్పలేకపోయా. పద్మగారూ, ఆయనకి ఎలా చెప్పాలి?

ఫార్ములేషన్ పద్మ:
సంతకం పెడతానన్న మనిషితో వాదించకండి. డాక్టర్ని రెండు విషయాలు అడగమనండి. మన కేసుకి సరిపడే క్లినికల్ ట్రయల్, అంటే కొత్త మందుని మనుషుల్లో పరీక్షించడం, ఏదైనా ఎక్కడైనా నడుస్తోందా, నడుస్తుంటే కీమో ఆపకుండా చేరొచ్చా. సొంతంగా ఆపేస్తే తర్వాత ట్రయల్‌లో తీసుకోకపోవచ్చు కూడా. ఇంకోటి, నోటి పుళ్ల సంగతి డాక్టర్‌కి చెప్పారా? చాలామంది అది భరించాల్సిందే అనుకుని చెప్పరు. పుక్కిలించడానికి మందులుంటాయి, అవసరమైతే డోసు సర్దుతారు. తప్పకుండా చెప్పండి.

రిటైర్డ్ లెక్చరర్:
అమ్మాయ్, మీ పెద్దమ్మ గారి చీటీలో మందుల పేర్లు ఏమున్నాయి? ఇబ్బంది అయితే చెప్పక్కర్లేదు.

కొబ్బరాకు:
ఇబ్బందేమీ లేదు మాస్టారూ. సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్, ఇంకోటి 5-ఎఫ్‌యూ అని ఉంది. డాక్టర్‌కి పుళ్ల సంగతి చెప్పలేదు, రేపే చెప్తాం.

రిటైర్డ్ లెక్చరర్:
అనుకున్నా. ఆ రెండోది ఉంది చూశావూ, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో లెడర్లే అనే మందుల కంపెనీలో ఉండగా తయారుచేసిన మందుల కుటుంబంలోది. ఫోలిక్ యాసిడ్ వేషం వేసుకుని ఎంజైము గూట్లో దూరి కూర్చుంటుంది, అసలు ఫోలిక్ యాసిడ్ వచ్చినా చోటు ఉండదు, కణం డీఎన్‌ఏ కాపీ చేసుకోలేక ఆగిపోతుంది. నోట్లో కణాలు కూడా వేగంగా పెరిగేవే కాబట్టి వాటికీ దెబ్బ తగిలి పుళ్లు వస్తున్నాయి. అంతకుముందు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరంలో ఏటీపీని, అంటే కణాలకి శక్తినిచ్చే అణువుని, గుర్తించింది కూడా ఆయనే, 1929లో. ఇందాక సెండాయ్ అబ్బాయి చెప్పిన ఆ కైనెసిన్ మోటారు తాగే పెట్రోలు ఏటీపీయే. మీ పెదనాన్న గారు ఏ ఊరివారు?

కొబ్బరాకు:
పాలకొల్లు మాస్టారూ! భీమవరం పక్కనే. ఉండండి, ఇప్పుడే ఫోన్ చేస్తా.

ఊరికే చూసిపోతా:
ఏమన్నారు?

కొబ్బరాకు:
"మన భీమవరం ఆయన మందా" అని నాలుగుసార్లు అడిగాడు. పెద్దమ్మకి ఫోన్ ఇచ్చి నాతో మళ్లీ చెప్పించాడు. సోమవారం ఏడింటికే కారు మాట్లాడేశాడట. ఇప్పుడు సుబ్బారావు గారి మీద ఏదైనా వీడియో ఉంటే పంపమంటున్నాడు, కత్తెరలు లేనిది చూసి పంపండి.